వసారా చివర టీవీ గది

మా ఊరి కోర్టు వసారాకి ఉత్తరం చివర ఒక గది ఉంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు.

ఊరి పేరు చెప్పను. అమలాపురంలో బస్సెక్కితే గంటలోపే వచ్చేస్తుంది, అంతవరకు చాలు.

ఒకప్పుడు అది ఖైదీల గది. జైలు నుంచి వాయిదాకి తెచ్చినవాళ్ళని కేసు పిలిచేదాకా అందులో కూర్చోబెట్టేవారు. ఒకడు అందులోనే ఉరేసుకున్నాడని అంటారు. ఎవడు, ఏ సంవత్సరం అని అడిగితే మాత్రం ఒకరు చెప్పిన పేరు ఇంకొకరు చెప్పరు. లుంగీతో అని ఒకరు, తువ్వాలుతో అని ఒకరు. అది నిజమో కాదో గాని, గది మాత్రం మంచిది కాదు. వెనకాలే కాలవ. రోహిణీకార్తె ఎండల్లో కూడా లోపల గోడలు చెమ్మగా, చల్లగా ఉండేవి. తలుపు తియ్యగానే ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు ఉండేది.

నా పేరు భీమరాజు. కోర్టు గేటుకి ఎదురుగా నాకు జిరాక్సు షాపు ఉండేది. ఈ సంగతి నాకు చెప్పింది బెంచి గుమాస్తా వెంకటరమణగారే. అదీ రిటైరయిన చాలా ఏళ్ళకి, వాళ్ళింటి అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పేరు.

రెండువేల అయిదులోనో ఆరులోనో ఆ గదిలోకి టీవీ వచ్చింది.

అంతకుముందు రిమాండు ఖైదీలని గోదావరి అవతల జైలు నుంచి బస్సులో తెచ్చేవారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒక సంకెల. ఆ రోజున పెళ్ళాలు, తల్లులు క్యారేజీలు పట్టుకుని పొద్దున్నే గేటు దగ్గర కూర్చునేవారు. కానిస్టేబుల్ మంచివాడైతే రెండు ముద్దలు తిననిచ్చేవాడు, నాలుగు మాటలు మాట్లాడనిచ్చేవాడు.

టీవీ వచ్చేక అదంతా పోయింది. జైల్లో ఒక కెమెరా, ఇక్కడ ఒక కెమెరా. ఖైదీ అక్కడే నిలబడతాడు, ఇక్కడ తెర మీద కనబడతాడు. మేజిస్ట్రేటుగారు టీవీ ముందు కూర్చుని పేరడుగుతారు, వాయిదా చెబుతారు. ఇరవై నిమిషాల్లో పదకొండుమంది అయిపోయేవారు. పోలీసులకి హాయి. పాపం, ఆడవాళ్ళు మాత్రం కొన్నాళ్ళు అలవాటు కొద్దీ క్యారేజీలు తెచ్చుకుని, వసారాలో కూర్చుని, అలాగే తీసుకుపోయేవారు.

కొన్నాళ్ళకి చిన్న కేసుల్లో ఒప్పుకోళ్ళు కూడా టీవీలోనే తీసుకోవడం మొదలెట్టేరు. నేరం ఒప్పుకుంటున్నావా అని అడగడం, అవునంటే అక్కడికక్కడే శిక్ష. ఏమన్నాడో రాసేది వెంకటరమణగారు.

ఆయన నోరు మంచిది కాదు. పనిలో గట్టివాడు, కాగితం తప్పు పోనిచ్చేవాడు కాదు. కాని కోర్టు మెట్లెక్కిన పేదవాడంటే ఆయనకి ఎందుకో చిరాకు. "దొంగతనాలు చెయ్యడం, ఇక్కడికొచ్చి ఏడవడం," అనేవారు. ఆ మాట మొహాన్నే అనేవారు.

కార్తీకమాసంలో ఒకరోజు పేతురు కేసు వచ్చింది.

పేతురుది కాట్రేనికోన వైపు. రొయ్యల చెరువు మీద కాపలా. చెరువు మీది మోటారు పోయింది. యజమాని పేతురు పేరు రాయించేడు. బెయిలుకి జామీను లేదు, లాయరు లేడు. అయిదు నెలలు రిమాండులో ఉన్నాడు.

ఆ సాయంత్రం వాన. లైను బాగాలేదు. తెర మీద పేతురు బొమ్మ ఆగిపోతోంది, మళ్ళీ కదులుతోంది. సౌండు కరకరలాడుతోంది. గడియారం అయిదు కావస్తోంది.

"నేరం ఒప్పుకుంటున్నావా?" అని మేజిస్ట్రేటుగారు అడిగేరు.

కరకర... తరవాత నిశ్శబ్దం.

పేతురు బొమ్మ నోరు మూసుకునే ఉంది. మాట మాత్రం వినబడింది.

"ఆయ్."

మేజిస్ట్రేటుగారు వెంకటరమణగారి వైపు చూసేరు. "ఒప్పుకున్నట్టేనా?"

సౌండు తెగిందని వెంకటరమణగారికి తెలుసు. మళ్ళీ అడిగితే బాగుండునని కూడా అనిపించిందట. కాని ఇంకా ముగ్గురున్నారు... వాన పెరుగుతోంది... ఆఖరి బస్సు...

"ఒప్పుకున్నాడండి," అన్నారు. అలాగే రాసేరు.

ఏడాది శిక్ష.

వసారాలో కూర్చున్న పేతురు భార్య సుందరమ్మకి ఆ మాట అటెండరు చెప్పేడు. ఆవిడ ఏడవలేదు. తిన్నగా వెంకటరమణగారి బల్ల దగ్గరకి వచ్చింది.

"ఆయన ఒప్పుకోరండి. తియ్యని మోటారు తీసేనని ఎందుకంటారండి?"

"నా చెవులతో విన్నాను. ఆయ్ అన్నాడు. వెళ్ళు."

"ఒక్కసారి మళ్ళీ అడగండి బాబుగారూ..."

"వెళ్తావా, కానిస్టేబుల్ని పిలవమంటావా?"

ఆవిడ వెళ్ళిపోయింది. వారం తరవాత జైల్లో ములాఖత్‌కి వెళ్ళొచ్చి మళ్ళీ వచ్చింది. 'ఆయన ఒప్పుకోలేదంటున్నారండి' అంది. ఈసారి వెంకటరమణగారు తలెత్తలేదు.

మరో పది రోజులకి గది మాట్లాడ్డం మొదలెట్టింది.

మొదట విన్నది అటెండరు రామ్మూర్తి. మార్గశిరం, అయిదున్నరకే మసక. కోర్టు ఖాళీ అయిపోయింది. తాళాలు వేసుకుంటూ వసారా చివరిదాకా వెళ్ళేడు. మూసిన తలుపు లోపల... మనిషి గొంతు. గట్టిగా కాదు. ఎవరో వింటారేమోనని భయపడుతూ మాట్లాడుతున్నట్టు.

"అయ్యా... నేను ఒప్పుకోలేదండి... అయ్యా..."

రామ్మూర్తి తాళాలగుత్తి అక్కడే పడేసి వచ్చేడు. నా షాపు బల్ల మీద కూర్చుని మంచినీళ్ళడిగేడు. మర్నాటికి జ్వరం.

తరవాత కాపీ సెక్షన్ ఆవిడ విన్నారు. కాలవ ఒడ్డున పడవ కట్టుకునేవాడొకడు కిటికీలోంచి నీలం వెలుగు చూసేనన్నాడు. ఇంకేముంది — ఉరేసుకున్నవాడు లేచేడన్నారు. బతికుండగా ఎవడూ వాడి మాట వినలేదు, అందుకే ఇప్పుడు చెప్పుకుంటున్నాడన్నారు. స్వీపరు కృపమ్మ పొద్దున్న ఊడవడానికి కూడా ప్రార్థన చేసుకుని గాని లోపలికి వెళ్ళేది కాదు.

వెంకటరమణగారు నవ్వేవారు. "పని ఎగ్గొట్టడానికి మీకో దెయ్యం దొరికింది," అనేవారు.

ఇంతలో జిల్లా జడ్జిగారి తనిఖీ పడింది. తెల్లారితే వస్తారు. పాత కేసుకాగితాల కట్ట ఒకటి కావాలి. అది టీవీ గది బీరువాలో ఉంది. అప్పటికి సాయంత్రం అయిదూ నలభై. దానికి తోడు కరెంటు పోయింది.

"రామ్మూర్తీ, వెళ్ళి పట్రా."

"నన్ను సస్పెండు చేసినా వెళ్ళనండి."

వెంకటరమణగారు తిట్టుకుంటూ టార్చి తీసుకున్నారు.

వసారా పొడుగునా చీకటి. కొబ్బరాకుల మీంచి మంచు బొట్లు పడుతున్న చప్పుడు. తాళం తీసి తలుపు తోసేరు. చెమ్మ వాసన, తడిసిన కాగితాల వాసన. టార్చి వెలుగు కుర్చీల మీద, బల్ల మీద, నల్లగా ఉన్న తెర మీద పడింది. తెరలో ఆయన ఆకారమే ఆయనకి కనబడింది.

బీరువా తెరిచేరు. కట్ట తీస్తున్నారు.

కరెంటు వచ్చింది.

ఫ్యాను కిర్రుమంది. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది... వెలగలేదు. వెనకాల ఏదో మోగింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి మోగకుండానే ఆగిపోయింది.

గది నీలంగా అయిపోయింది.

ఆయన వెంటనే తిరగలేదు. తిరగలేకపోయేనని చెప్పేరు నాతో. "మెడ పట్టేసినట్టయింది, భీమరాజూ."

"అయ్యా..."

తిరిగేరు.

తెరనిండా ఒక కన్ను. సగం నుదురు. అంత దగ్గరగా ఉంది. కన్ను ఆర్పడంలేదు.

"అయ్యా... ఎవరన్నా ఉన్నారా... నేను ఒప్పుకోలేదండి..."

మొహం మెల్లగా వెనక్కి జరిగింది. గుండు తల. లోపలికి పోయిన బుగ్గలు. ఒంటి మీద తెల్లటి బట్టలు. మాట ముందు వినబడుతోంది, పెదాలు తరవాత కదులుతున్నాయి.

అప్పుడు పోల్చేరు. పేతురు.

కార్తీకంలో చూసినప్పుడు తలనిండా జుట్టు, గళ్ళచొక్కా. ఇప్పుడు గుండు... తెల్లబట్టలు...

చచ్చిపోయేడనుకున్నారు. ఇంకో ఆలోచనే రాలేదు. జైల్లో చచ్చిపోయేడు... నేను రాసిన రాతకి చచ్చిపోయేడు... చచ్చిపోయి నా దగ్గరకే వచ్చేడు.

"బాబూ, వెళ్ళకండి —"

కట్ట కింద పడింది. టార్చి పడింది. వసారాలో చెప్పు ఒకటి ఊడిపోయింది. ఆయన గేటు దాటి పరిగెత్తడం నేను కళ్ళారా చూసేను. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, ఒంటి చెప్పుతో.

ఇంటికెళ్ళి పడుకున్నారు. తనిఖీకి కూడా వెళ్ళలేదు. భార్య సత్యనారాయణమ్మగారు విబూది పెట్టేరు, ఎవరినో పిలిపించి తాయెత్తు కట్టించేరు. ఏమైందంటే చెప్పరు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారు.

మూడోరోజు పొద్దున్న వెంకటరమణగారు మా షాపు ముందునుంచి వస్తున్నారు. అప్పుడే సుందరమ్మ నా దగ్గర తీర్పు కాగితాలు జిరాక్సు తీయించుకుంటోంది. ఆయన ఆగిపోయేరు. మొహం పాలిపోయింది. ఆవిడ నుదుటి వైపు, చేతుల వైపు చూసేరు — కిరస్తానీ ఆవిడ, బొట్టూ గాజులూ చూసి తెలుసుకోడానికి ఏముంది.

"మీ ఆయన..." అన్నారు.

సుందరమ్మ కాగితాలు మడుచుకుంది. "ఏవండీ, చచ్చిపోయేరేమోనని అడుగుతున్నారా?"

ఆయన తల ఊపేరు.

"బతికే ఉన్నారండి. నిన్ననే చూసొచ్చేను. గజ్జి పట్టిందని గుండు గీసేరు. శిక్షపడ్డ వాళ్ళకి ఇచ్చే తెల్లబట్టలు ఇచ్చేరు. చీపురు ఇచ్చేరు. మీ దయవల్ల అన్నీ ఇచ్చేరండి. ఇంకేమన్నా కావాలా?"

వెంకటరమణగారు నా బల్ల మీద కూలబడిపోయేరు. ఆవిడ వెనక్కి చూడకుండా బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కోర్టు ఖాళీ అయ్యేదాకా ఆయన ఉండిపోయేరు. రామ్మూర్తి దగ్గర తాళం తీసుకున్నారు. 'వద్దండీ' అని రామ్మూర్తి చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నారు.

గదిలో టీవీ ముందు కుర్చీలో కూర్చున్నారు. తలుపు మూసుకున్నారు. చీకటి పడుతోంది. తాయెత్తు పట్టుకున్నారట.

అయిదూ నలభై అయిదు.

మోగింది. తెర వెలిగింది.

దూరంగా ఒక గది. గోడకి కుర్చీలు. మధ్యలో తెల్లబట్టల్లో పేతురు — చేతిలో చీపురు. కెమెరా వైపు వచ్చేడు. ఇటు మనిషిని చూసి అదిరిపడి రెండడుగులు వెనక్కి వేసేడు.

"ఎవరది..." అన్నాడు.

"నేను... బెంచి గుమాస్తాని."

పేతురు మళ్ళీ దగ్గరకి వచ్చి చూసేడు. "మొన్న పారిపోయింది మీరేనా అండి?"

"నేనే."

"రోజూ చీకటిగది కనబడతాదండి. ఎవరూ ఉండరు. నాకే భయమేసేదండి, ఆ గది చూస్తే. ఈ గది ఊడ్చే పని నాదండి. రిమోట్‌లో ఈ మీట నొక్కితే ఆఖర్న మాట్లాడిన కోర్టుకి, అక్కడెవరూ ఎత్తకపోయినా కలుస్తాదని కంప్యూటరు ఆయన ఎవరికో చెబుతుంటే విన్నానండి. అయిదు నిమిషాలు టయిముంటాది. ఎవరో ఒకరు వింటారని..."

"వార్డర్లకి చెప్పలేదా?"

"చెప్పేనండి. నవ్వేరండి."

వెంకటరమణగారు కుర్చీ ముందుకి జరిపేరు. అడిగితే ఏం జవాబు వస్తుందో అప్పటికే సగం తెలిసిపోయిందట.

"పేతురూ... ఆవేళ అయ్యగారు అడిగింది నీకు ఏమని వినబడింది?"

"సగమే వినబడిందండి. '...టున్నావా' అని."

"అంటే?"

"వింటున్నావా అని అడిగేరనుకున్నానండి. ఆయ్ అన్నానండి." చీపురు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అంతేనండి నేనన్నది. దానికి ఏడాదా అండి?"

వెంకటరమణగారు బల్లమీద తల పెట్టుకున్నారు.

ఎత్తేసరికి అక్కడెక్కడో ఇనపతలుపు చప్పుడు. పేతురు చెయ్యి తెర మీదకి వచ్చింది. తెర నల్లబడిపోయింది.

మర్నాడు ఆయన లాయరు సోమేశ్వరరావుగారి ఆఫీసుకి వెళ్ళేరు. సోమేశ్వరరావుగారు అంతా విని కళ్ళజోడు తీసి పెట్టేరు.

"పై కోర్టులో అప్పీలు వెయ్యాలండి. సౌండు తెగిందని చెప్పడానికి సాక్షి కావాలి. గదిలో ఉన్నది మేజిస్ట్రేటుగారు, మీరు."

"నేను అఫిడవిట్ ఇస్తాను."

"తెలిసే తప్పు రాసేనని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టవుతుంది. ఉద్యోగం మీదకి వస్తుంది."

"రాయండి."

రాసేరు. టైపు చేసింది నేనే. అందులో సాయంత్రం మాటల సంగతి లేదు, చీపురు సంగతి లేదు, రిమోట్ సంగతి లేదు. అవి బయటపడితే పేతురుని జైల్లో ఏం చేస్తారో ఆయనకి తెలుసు. అందుకని ఊళ్ళో దెయ్యాన్ని కూడా అలాగే ఉంచేరు. ఎవరడిగినా "ఉందండి, నేను చూసేను" అనేవారు. వెంకటరమణగారే చూసేనన్నాక ఇంకెవరెళ్తారు? సాయంత్రంపూట ఆ వసారాలో పిల్లి కూడా తిరిగేది కాదు. ఆయన మాత్రం వెళ్ళి కూర్చునేవారు. అప్పీలు ఎందాకా వచ్చిందో పేతురుకి చెప్పేవారు. పేతురు వినేవాడు. ఒక్కరోజు కూడా ఆయన్ని మంచిమాటతో పలకరించలేదు. పిలవాల్సిన అవసరం కొద్దీ పిలిచేవాడు, అంతే.

కోర్టులో మేజిస్ట్రేటుగారు ఆయనతో మాట్లాడ్డం మానేసేరు. తోటి గుమాస్తాలు టీకి పిలవడం మానేసేరు. మెమో వచ్చింది. దానికి జవాబిచ్చేరు. మళ్ళీ వచ్చింది.

వైశాఖంలో అప్పీలు తేలింది. శిక్ష కొట్టేసి, మనిషిని ఎదురుగా నిలబెట్టి మళ్ళీ అడగమన్నారు. పేతురుని బస్సులో తెచ్చేరు. కొత్త మేజిస్ట్రేటుగారు అడిగేరు. పేతురు "ఇంకోసారి అనండయ్యా," అన్నాడు. ఆయన ఇంకోసారి అడిగేరు. "లేదండి," అన్నాడు. చెరువు యజమాని సాక్ష్యానికి రెండు వాయిదాలు రాలేదు, మూడో వాయిదాకీ రాలేదు. కేసు కొట్టేసేరు.

మెట్ల దగ్గర వెంకటరమణగారు ఎదురెళ్ళేరు. పేతురు ఆయన పక్కనుంచే దిగి వెళ్ళిపోయేడు. సుందరమ్మ ఒక్క క్షణం ఆగి, "మా ఆయనకి మీరు చేసింది మీరే దిద్దేరండి. దానికి దణ్ణం పెట్టమంటే పెట్టలేనండి," అని తనూ వెళ్ళిపోయింది.

జూన్‌లో బదిలీ కాగితం వచ్చింది. ఎక్కడో ఏజెన్సీ పక్క ఊరు. ఆఖరిరోజు సాయంత్రం తాళాలు అప్పజెప్పేముందు, ఆ గది ఒకసారి చూద్దామని వెళ్ళేరు. పేతురు లేడు, ఇంక అక్కడ పనేమీ లేదు. ఊరికే వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

అయిదూ నలభై అయిదుకి మోగింది.

ఆయన లేచి నిలబడిపోయేరు.

తెర వెలిగింది. తెల్లబట్టలు. గుండు. చీపురు. కాని ఆ మొహం ఆయన ఎన్నడూ చూసింది కాదు. ముసలివాడు. వాడి వెనకాల గోడవారగా ఇంకో ఇద్దరు, చప్పుడు చెయ్యకుండా నిలబడి ఉన్నారు.

"అయ్యా," అన్నాడు ముసలివాడు, కెమెరా దగ్గరకి వంగి. "ఇక్కడ వినే బాబు ఒకరు ఉంటారని పేతురు చెప్పేడండి. మీరేనా అండి?"

వెంకటరమణగారు జేబులోంచి పెన్ను తీసేరు. కాగితం కోసం బల్లంతా తడిమి, బదిలీ ఆర్డరు వెనక్కి తిప్పేరు.

"పేర్లు చెప్పండి. తొందరగా."

మూడు పేర్లు, మూడు కేసు నంబర్లు రాసుకున్నారు. ఆ రాత్రే సోమేశ్వరరావుగారికి ఇచ్చేరు. పొద్దున్న బస్సెక్కి వెళ్ళిపోయేరు.

ఆయన తరవాత వచ్చిన గుమాస్తాకి చెబుదామనుకున్నారట. కాని అతను చేరిన రోజే రామ్మూర్తి ఆ గది గురించి అంతా చెప్పేసేడు. అతను అయిదుకల్లా తాళం వేయించేసేవాడు.

నేను ఆ షాపులో ఇంకా ఆరేళ్ళు ఉన్నాను. సాయంత్రాలు గాలి ఇటు తిరిగినప్పుడు వసారా చివర్నుంచి మాటలు వినబడేవి. ఒకే గొంతు కాదు... ఒక్కోరోజు ఒక్కో గొంతు. నాకప్పుడు ఏమీ తెలీదు. అందరిలాగే నేనూ షట్టరు దించేసుకుని, గబగబా ఇంటికి నడిచేవాణ్ణి.